పెరటి మెట్టు మీద చిన్న ఆకు

శ్రీమన్నారాయణా, నీ పాదాలకు నమస్కారం. పిలిచే గొంతు ఎంత సన్ననిదైనా వినేవాడా, పెట్టింది పిడికెడైనా కడుపు నిండిందనుకునేవాడా, మా చిన్న మందిరంలో ప్రతి శనివారమూ మా మధ్యకు వచ్చి కూర్చునేవాడా, నీకు వేయి నమస్కారాలు. ఈ నాలుగు మాటలు రాయడానికి చేతికి బలమిచ్చింది నువ్వే. ఇందులో మంచి ఉంటే అది నీది. తప్పు ఉంటే నాది. ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

మా భజన మందిరం ధర్మపురిలో, సోగత్తూరుకు పోయే దారిలో ఉంది. రేకుల కప్పు, ముందు సిమెంటు అరుగు, లోపల సీతారాముల పటం, ఒక మూల రెండు హార్మోనియంలు. వాటిలో ఒకటే పలుకుతుంది. మా పూర్వీకులు ఎన్ని తరాల కింద ఇటు వచ్చారో మాలో ఎవరికీ సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. భజన పుస్తకాల్లో పాటలు తెలుగువే కానీ అక్షరాలు తమిళవి, ఎందుకంటే తెలుగు చదవగలిగిన వాళ్ళు మాలో చాలా కొద్దిమంది. నాకు చదవడం వచ్చింది మా తాత వల్ల. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, భాగవతం మీద నా వేలు పెట్టించి, ఒక్కొక్క అక్షరమే నడిపించాడు. తరువాత నేను తమిళ బడిలో పంతులమ్మనయ్యాను. దేవుడితో మాట్లాడటం మాత్రం ఎప్పుడూ తెలుగులోనే.

ఉద్యోగం విరమించాక ఆదివారం పొద్దున మందిరంలో పిల్లలకు తరగతి పెట్టాను. ఒక గంట అక్షరాలు, ఒక అరగంట రామాయణం. పద్నాలుగు మంది పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళలో పదకొండేళ్ళ పిల్ల ఒకతి ఉంది. వాళ్ళ నాన్న బెంగళూరులో కట్టడాల పనికి పోతాడు, అమ్మ బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. ఆ పిల్లకు నోరు ఆగదు. ఒక ఆదివారం పాఠం మధ్యలో చెయ్యెత్తింది.

“అవ్వా, యుద్ధం ఎప్పుడొస్తాది?”

“వస్తాది. ఇంకా చిత్రకూటంలోనే ఉండాము కదా.”

“పోయిన నెలా చిత్రకూటమే. రాముడు అక్కడే స్థలం కొనుక్కున్నాడా ఏంది?”

పిల్లలంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ధైర్యంతో ఆ పిల్ల ఇంకో మాట అడిగింది.

“బాణం యుద్ధం సరే అవ్వా. గన్నుతో కొట్టే నిజం యుద్ధానికి మనోళ్ళు ఎవురైనా పోయినారా?”

“మా తాత పోయినాడు,” అన్నాను.

పద్నాలుగు ముఖాలూ నా వైపు తిరిగాయి. పది నెలలుగా ఏ కాండకూ అట్లా తిరగలేదు. ఆ పిల్ల ముందుకు జరిగి కూర్చుంది. “చెప్పవ్వా,” అంది.

చెప్పడానికి నా దగ్గర ఉన్నది చాలా తక్కువ. తాత పుట్టింది తొప్పూరు దగ్గర. వయసులో ఉన్నప్పుడు ఘాట్ రోడ్డు కోసం కంకర కొట్టేవాడు. పెద్ద యుద్ధం బర్మా దాకా వచ్చినప్పుడు, రోడ్డు పని తెలిసినవాళ్ళు కావాలని పటాళంవాళ్ళు పిలిస్తే పోయాడు. రెండేళ్ళకు తిరిగి వచ్చాడు. ఒక ఖాకీ కోటు, ఒక రేకు పళ్ళెం మా ఇంట్లో చాలాకాలం ఉండేవి. యుద్ధంలో ఏం చేశావు తాతా అని అడిగితే ఆయన చెప్పే జవాబు ఒకటే. “రోడ్డు వేసినాను.” అంతకు మించి ఒక్క ముక్క రాలేదు.

పిల్లలకు అది చాలలేదు. నాకూ చాలలేదు. తమిళవాళ్ళు వేంకటేశ్వరుడి నెలగా పాటించే పెరటాసిలో ఒక ఆదివారం పిల్లల చేత మందిరంలో ఏదైనా చేయించడం మాకు అలవాటు. ఈసారి తాత కథే రాసి వాళ్ళ చేత ఆడిస్తానని మాటిచ్చేశాను.

రాయడానికి కూర్చుంటే, మా ఇంట్లో ఉన్న ఒక ఆచారం గుర్తుకు వచ్చింది. పెద్దల అమావాస్య నాడు పూజ గదిలో వరుసగా అరిటాకులు వేసి, పోయినవాళ్ళ పేరు ఒక్కొక్కటిగా చెప్పి, వంటలన్నీ వడ్డించి, నీళ్ళు వదులుతారు. మా నాన్న చేసేవాడు, ఇప్పుడు మా తమ్ముడు చేస్తున్నాడు. ఇది అన్ని ఇళ్ళలో ఉండేదే. మా ఇంట్లో మాత్రం అదంతా అయ్యాక మా అవ్వ ఒక చిన్న ఆకు తీసుకుని పెరటి గడప దాటి, మెట్టు మీద వేసేది. దాని మీద పిడికెడు అటుకులు, ఒక బెల్లం ముక్క. పక్కన రెండు గ్లాసుల నీళ్ళు. పేరేమీ చెప్పేది కాదు. ఎవరికి అని అడిగితే “దారిలో ఉండేవాళ్ళకి” అనేది. అవ్వ పోయాక ఆ పని మా అత్త తీసుకుంది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. పెళ్ళైన మూడేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నా భర్త పోయాక నేనూ ఆ ఇంటికే వచ్చాను. ఇప్పుడు ఆమెకు ఎనభై ఆరేళ్ళు, నాకు అరవై నాలుగు. మందిరంలో శనివారం దేవుడికి పెట్టే చక్కెర పొంగలి నలభై ఏళ్ళుగా అత్త చేతిదే. ఎన్ని జ్వరాలు వచ్చినా ఆ గరిటె ఇంకొకరికి ఇవ్వలేదు.

ఆ ఆకు చుట్టూ నేను కథ అల్లాను. తాతకు పటాళంలో ఒక పొడుగాటి స్నేహితుణ్ణి కల్పించాను. ఆకలి రోజుల్లో ఆ స్నేహితుడు తన వంతు అటుకులు తాతకు పెట్టి, మరునాడు తూటాకు ఎదురు నిలబడి ప్రాణం ఇస్తాడు. తాత ఇంటికి వచ్చి, ఏటా అతని కోసం ఆకు వేయిస్తాడు. ఒక గ్లాసు అతనికి, రెండో గ్లాసు తాతకు, ఇద్దరూ కలిసి తాగినట్టు. రెండు గ్లాసుల గుట్టు ఇన్నాళ్ళకు విప్పానని లోపల చాలా సంతోషపడ్డాను. స్నేహితుడి వేషం ఆ పదకొండేళ్ళ పిల్లే పట్టుబట్టి తీసుకుంది. ఒకసారి పడి చచ్చిపోయాక, లేచి ఇంకోసారి చచ్చిపోతే బాగుంటుందని కూడా అడిగింది.

పిల్లల ఆట ఇంకో వారం ఉందనగా, ఒక సోమవారం కథ అత్తకు చదివి వినిపించాను. అత్తకు చదవడం రాదు, కానీ వినడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

“బాగుండాది,” అంది. “ఆ పొడుగాయన ఎవురు?”

“ఎవురూ లేరత్తా. నేనే కల్పించినాను.”

“ఓహో. రెండో గ్లాసు ఎవురికన్నావు?”

“తాతకు.”

“తాతకు లోపల పెద్ద ఆకు ఉండాది కదమ్మీ. మీ తమ్ముడు ఆయన పేరు చెప్పి పాయసం దాకా పెడతాడు. కడుపు నిండా తిని మళ్ళా పెరట్లోకి వచ్చి నీళ్ళు తాగుతాడా?”

“కత కదత్తా. పిల్లోళ్ళకు.”

“పిల్లోళ్ళకైతే అబద్ధం చెప్పొచ్చా?” అని లేచి పోయింది.

ఆ తరువాత మూడు రోజులు ఆమె ఆ సంగతి ఎత్తలేదు. నేను కోపం వచ్చిందేమో అనుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఇద్దరం పెరటి వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాము.

“నీకొకటి చెప్పాల. కూర్చో,” అంది.

“కూర్చునే ఉండాను కదత్తా.”

“అయితే లేవద్దు.” ఒక గింజ తీసి పళ్ళెంలో వేసింది. “నేను మీ తాతకు పుట్టినదాన్ని కాదు.”

నా చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. ఆమె గింజలు తీస్తూనే చెప్పింది. తన పెళ్ళికి ముందు రోజు అవ్వ తనను పక్కకు పిలిచి చెప్పిన సంగతి అది. నేను విన్న వరుసలోనే రాస్తున్నాను.

బర్మాలో యుద్ధం ముదిరినప్పుడు, అక్కడికి పనికి పోయిన మనవాళ్ళు వేలమంది కాలినడకన కొండలెక్కి ఇటు వచ్చారు. వానలు, బురద, జ్వరాలు. తాత ఉన్న గుంపు ఇటువైపు కొండల్లో దారి వెడల్పు చేస్తోంది. తుపాకి ఇవ్వలేదు, పార ఇచ్చారు. ఒకరోజు దారి పక్కన చెట్టుకు ఆనుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో పాప. ఏడాదిన్నర, రెండేళ్ళు ఉంటాయేమో. ఆమె మాట్లాడింది తెలుగే, కానీ సముద్రం వైపు తెలుగు, తాతకు సగమే అర్థమైంది. నీళ్ళు అడిగింది. తాత తన దగ్గరున్న గ్లాసుడు నీళ్ళు ఇచ్చాడు. తాగి ఇంకా కావాలంది. ఆమె కొంగున పిడికెడు అటుకులు, చిన్న బెల్లం ముక్క కట్టుకుని ఉన్నాయి. నువ్వు తినమ్మా అని తాత అంటే, అది బిడ్డకని చూపించింది. తాత కిందికి దిగి రెండో గ్లాసు నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఆమె లేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయంట. పాప కొంగు పట్టుకుని ఆడుకుంటోందంట.

“ఆ రెండో గ్లాసు ఆమెదే అమ్మీ. ఆయన చేతిలో మిగిలిపోయిన నీళ్ళు.”

గుంపులోని పది మంది మొగవాళ్ళూ పాపను సాకారు. కంకర మోసే బుట్టలో పడుకోబెట్టుకుని, గంజి పట్టి పెంచారు. మరుసటి ఏడు తాత ఇంటికి వస్తూ ఆ బిడ్డను తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టాడు. అప్పటికి మా నాన్నకు ఐదేళ్ళు. అవ్వ ఊళ్ళో ఏదో చెప్పుకుంది, కుప్పం వైపు తన చెల్లెలి బిడ్డ, తల్లి పోయింది అని. రెండేళ్ళకు ఆ మాటా అందరూ మరిచిపోయారు. బిడ్డ అవ్వ బిడ్డే అయింది.

“మరి ఆమె పేరు?”

“అడగలేదంట. నీళ్ళ తొందరలో పడి పేరు అడగలేదు. పేరు లేకుంటే లోపల ఆకు ఎట్లా వేస్తారు? ఏమని పిలుస్తారు? అందుకని బయట మెట్టు మీద. మా నాయిన చచ్చేదాకా యుద్ధం గురించి నోరు తెరవలేదు అంటారే, తెరిస్తే ఆ మాట ఎక్కడ బయటికి వస్తాదో అని.”

“మామకు తెలుసా?” అని అడిగాను. మామ అంటే ఆమె భర్త.

“పెళ్ళికి ముందే చెప్పినారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మంచోళ్ళు కావాలని దేవుడు తొందరగా పిలుచుకున్నాడు.”

తరువాత నేను అన్న మొదటి మాట ఇది. “అత్తా, ఇది మందిరంలో తెలియకూడదు.”

ఆమె చెయ్యి ఆపి నన్ను చూసింది. “నేను చెప్తానన్నానా?”

“లేదు.”

“మరి నీకు మందిరం ఎందుకు గుర్తొచ్చింది?”

ఎందుకో మా ఇద్దరికీ తెలుసు. దేవుడి నైవేద్యం ఎవరు చేయాలన్న దాని మీద మా మందిరంలో రాసిన నియమం ఏమీ లేదు. రాయనిది ఉంది, పుట్టుక తెలిసిన చెయ్యే కావాలని. కొన్నేళ్ళ కింద కొత్తగా వచ్చిన ఒక ఇంటి ఇల్లాలు తాను పొంగలి చేస్తానంటే, మందిరం పెద్దాయన ఆమెను పుట్టింటి వివరం మూడు తరాలు అడిగాడు. రెండో తరంలో ఆమె తడబడింది. అంతే, మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు.

“ఆకు సంగతి తీసేస్తాను అత్తా. కతలో ఇంకేమన్నా పెడతాను,” అన్నాను.

“వద్దు,” అంది. “నలభై ఏండ్లుగా ఆ గిన్నె పొయ్యి మీద పెట్టేటప్పుడల్లా, సామీ నేనెవురో నీకు తెలుసు అని చెప్పుకొనే పెడతా ఉండాను. ఆయన తెలిసే తింటా ఉండాడు. మనుషులు తెలియక తింటా ఉండారు. తెలిసినాక తింటారా లేదా, పోయేలోపల చూడాలనుంది.”

“వద్దంటే?”

“మానేస్తాను. చేతులూ నొప్పే.”

“మానేస్తే తట్టుకుంటావా?”

చాలాసేపు గింజలు తీసింది. “అది అడగొద్దు,” అంది.

పిల్లలకు పురాణం చెప్పేదాన్ని కదా, నా బుద్ధి అటే పోయింది. “సీతమ్మ కూడా నాగేటి చాలులో దొరికిందే అత్తా. జనకుడి కూతురనే కదా అంటారు. ముందు అది చెప్పి, తరువాత నీ సంగతి చెప్తే...”

“సీతమ్మను నాకు అడ్డం పెట్టొద్దు,” అంది కటువుగా. “ఆమె రాజుకు దొరికింది. నేను కంకర కొట్టే మనిషికి దొరికినాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

ఆ రెండు రోజుల్లో కథ మళ్ళీ రాశాను. పొడుగాటి స్నేహితుడు పోయాడు. శనివారం సాయంత్రం పిల్లలకు సంగతి చెబితే, ఆ పదకొండేళ్ళ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. “నేను చచ్చిపోయేది లేదా?” అంది. లేదన్నాను. ఆటకు వ్యవధి లేదు కాబట్టి నేనే కథ చెప్పేటట్టు, పిల్లలు చుట్టూ కూర్చునేటట్టు అనుకున్నాము.

ఆదివారం మందిరం నిండింది. మందిరం పెద్ద ముందు వరుసలో, తన కుర్చీలో కూర్చున్నాడు. ఎనభై నిండిన మనిషి. అత్త ఎప్పటిలాగే స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. కొండలు, వాన, పార, చెట్టు కింద తల్లి, ఒళ్ళో పాప. తాత రెండో గ్లాసు నీళ్ళు తీసుకుని వచ్చే చోట ఆగి అత్త వైపు చూశాను. అప్పుడు స్తంభం దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది.

“ఆమె పోయింది. పాప మిగిలింది. ఆ పాప నేనే.”

పెద్దవాళ్ళు మందిరం పెద్ద వైపు చూశారు. పిల్లలు మాత్రం లేచి ఒక్క ఉరుకున అత్త చుట్టూ చేరారు.

“పెద్దవ్వా, నిన్ను ఎత్తుకొని నడిచినారా?”

“బుట్టలో పెట్టి మోసినారంట.”

“ఏనుగులుండాయా?”

“ఉండుంటాయి. నాకు రెండేండ్లు. ఏనుగో ఎద్దో నాకేం తెలుసు?”

“మీ నాయిన దగ్గర గన్ను?” ఇది మా పదకొండేళ్ళ పిల్ల.

“పార ఉండాది.”

“పారతో యుద్ధమా?” అని పెదవి విరిచింది.

“ఆయన ఆ దారి వేయకుంటే నేను ఇక్కడికి ఎట్లా వస్తానే?”

పిల్ల కాస్త ఆలోచించింది. “మీ నిజం అమ్మ పేరేంది?”

“తెలీదు. ఎవురూ అడగలేదు.”

“అడిగి ఉండాల్సింది,” అంది పిల్ల కోపంగా.

“ఆమా, అవునే,” అంది అత్త. “మా నాయిన కూడా చచ్చేదాకా అదే అనుకున్నాడు.”

మందిరం పెద్ద దగ్గి, “హారతికి పొద్దయింది,” అన్నాడు. హారతి అయింది. వెళ్ళేటప్పుడు ఒకామె అత్త చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడింది. ఇంకొకామె చెప్పులు వేసుకుంటూ నాతో అంది, “ముందే చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా.” అందులో ఏముందో ఆమె ముఖం చూస్తే తెలియలేదు.

ఆ వారం చాలా పొడుగ్గా గడిచింది. శనివారం పొంగలికి బియ్యం శుక్రవారం మధ్యాహ్నమే మా ఇంటికి వస్తాయి. ఇద్దరు ఆడవాళ్ళు మూట తెచ్చి, అత్తతో కూర్చుని రాళ్ళు ఏరి, కబుర్లు చెప్పుకుని పోతారు. ఆ శుక్రవారం ఎవరూ రాలేదు. అత్త చేట తీసి కడిగి ఎండకు పెట్టింది, సాయంత్రం మళ్ళీ లోపల పెట్టింది. నేను భాగవతం తెరిచి పెట్టుకున్నాను కానీ ఒక్క వాక్యం కూడా కంటికి ఆనలేదు. ప్రార్థన మాత్రం చేశాను. ఆమె చేతి నుంచి ఆ గరిటె తీసుకోవద్దు స్వామీ అని ఒక్కటే.

శనివారం తెల్లవారింది. పెరటాసి శనివారం, ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ జనం వచ్చే రోజుల్లో ఒకటి. మామూలుగా ఐదు గంటలకే అత్త మందిరం పొయ్యి దగ్గర ఉంటుంది. ఆ రోజు స్నానం చేసి, మడి చీర కట్టుకుని, వీధి అరుగు మీద కూర్చుంది. ఆరయింది. ఆరున్నర అయింది.

“పోదామా అత్తా?”

“పిలవలేదు.”

“నలభై ఏండ్లలో ఎవురన్నా పిలిచినారా?”

“అప్పుడు నా కాళ్ళు పోయినాయి. ఇప్పుడు వాళ్ళ నోరు రావాల.”

ఏడు అవుతుండగా వీధి చివర మోపెడ్ చప్పుడు. మందిరం పెద్ద. బండి ముందు బియ్యం మూట పెట్టుకుని, పడిపోతాడేమో అన్నట్టు నెమ్మదిగా వచ్చి మా అరుగు ముందు ఆపాడు.

“ఏమక్కా, పెరటాసి శనివారం దేవుణ్ణి పస్తు పెడతావా?”

“బియ్యం రాలేదు కదా తమ్ముడా.”

“బియ్యం నేనే ఆపినాను.” అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. “వారమంతా యోచన చేసినాను. ఊరికే చెప్పడం లేదు, నిద్ర పట్టలేదు.”

“ఏం తేలింది?”

“మా పిల్లోడికి జరం తగ్గకుంటే నీ పొంగలి తెచ్చి నోట్లో పెట్టినాను. మా అమ్మ పోయేటప్పుడు ఆఖరున మింగింది నీ చేతి ప్రసాదమే. నేనే పెట్టినాను. ఇప్పుడు అది ప్రసాదం కాదంటే, మా అమ్మ నోట్లో నేను పెట్టింది ఏందక్కా? ఆ మాట అనేది నా వల్ల కాదు.” కండువాతో మెడ తుడుచుకున్నాడు. “ఇంకోటి కూడా ఉండాది. నిన్న మా ఇంటామె తానే చేస్తానని చేసి చూపించింది. దాన్ని దేవుడి ముందర పెడితే అదే పెద్ద పాపం.”

అత్త నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. కాసేపటికి, “నెయ్యి తక్కువేసి ఉంటాది,” అంది.

“అందరూ ఒప్పుకున్నారా?” అని నేను అడిగాను.

“ఇద్దరు రామన్నారు. రాకుంటే వాళ్ళ వంతు మేమే తింటాము. నువ్వు లేమ్మా, ఆటో పిలువు. ఆమెను బండి మీద ఎక్కిస్తే ఇద్దరం కలిసి సోగత్తూరు చెరువులో తేలతాము.”

ఆ రోజు పొంగలి రెండు గంటలు ఆలస్యమైంది. పొయ్యి దగ్గర అత్తకు ఎప్పుడూ తోడుండే ఇద్దరూ వచ్చారు. నిన్న రాలేకపోయామని సాకులు చెప్పారు. ఆమె వాళ్ళను బెల్లం సరిగ్గా పాకం కాలేదని గట్టిగా కసిరింది. ఆ కసురు విని నా ప్రాణం లేచి వచ్చింది. నైవేద్యం పెట్టి తెర తీశాక మందిరం పెద్ద అందరికంటే ముందు చేయి చాచాడు. రామని చెప్పిన ఇద్దరిలో ఒకామె మధ్యాహ్నం వచ్చి, వెనక వరుసలో నిలబడి, ఆకు దొన్నెలో తీసుకుని కళ్ళకద్దుకుంది. ఇంకొకామె ఇంతవరకూ రాలేదు. ఆమెకూ ప్రతి వారం ఒక దొన్నె తీసి పక్కన పెట్టమంటుంది అత్త, ఎవరూ రాకుంటే సాయంత్రం పిల్లలు తింటారు.

మా ఆదివారం తరగతిలో రామాయణం ఇంకా సాగుతోంది. పిల్లలు ఇప్పుడు యుద్ధం ఎప్పుడని అంత తొందర పెట్టడం లేదు. పడవ నడిపినవాళ్ళ పేర్లు, దారి చూపినవాళ్ళ పేర్లు అడుగుతున్నారు. కొన్ని నాకే తెలియవు. వెతికి చెబుతున్నాను.

చదివే తల్లులారా, తండ్రులారా, ఒక్క నిమిషం ఈ కాగితం పక్కన పెట్టి నాతో కలిసి చేతులు జోడించండి. మీరు ఏ పేరుతో పిలిచినా ఆయనే వింటాడు. నారాయణా, ఈ వేళ కూడా ఎక్కడో ఒక యుద్ధం నుంచి బిడ్డను ఎత్తుకుని నడుస్తున్న తల్లి ఉంది, ఆమెకు నీళ్ళు అందేలోపల ఊపిరి ఆగనివ్వకు. దారి వేసే చేతులను కాపాడు. ఇళ్ళలో దాచుకున్న మాటలు ఉన్నవాళ్ళకు వాటిని చెప్పే గొంతు ఇవ్వు, వినేవాళ్ళకు ఒక వారం ఆలోచించే ఓపిక ఇవ్వు. మా అత్త చేతుల నొప్పి తగ్గించి, ఇంకా కొన్ని శనివారాలు ఆమెకు దయచేయి. ఈ మాటలు నేను ఒక్కదాన్ని అంటే సన్నగా వినిపిస్తాయి. మీరూ అనండి.